విడాకుల తర్వాత పీఎఫ్ పంపకంలో తప్పు దొర్లితే ఎవరిని ఆశ్రయించాలి?

సూరత్ వస్త్ర పరిశ్రమను నమ్ముకుని తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అనేకం. వారిలో భవిష్య నిధి ఖాతా ఉన్న ఉద్యోగులకు అది మలివయసు ఆసరా. దంపతులు విడిపోయినప్పుడు ఆ సొమ్ము లెక్కలో దొర్లిన తప్పు కొన్నిసార్లు ఏళ్ల తర్వాత, ఉద్యోగ విరమణ వేళనో సభ్యుడి మరణానంతరమో బయటపడుతుంది. కొన్ని తప్పులను కోర్టే సరిదిద్దాలి, కొన్నింటిని భవిష్య నిధి సంస్థ సరిదిద్దుతుంది. ఈ తేడాను ముందుగా గ్రహించడం అవసరం.

చట్టం ఏం చెబుతోంది?

భారతదేశంలో పీఎఫ్‌ను దంపతులకు చెరి సగం పంచాలన్న నియమం లేదు. బ్రిటన్‌లో కోర్టు ఉత్తర్వుతో పింఛను నిధినే విభజించే వీలుంది. ఇక్కడ హిందూ వివాహ చట్టం (1955) 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం నిర్ణయించేటప్పుడు న్యాయస్థానం ఇద్దరి ఆదాయాన్ని, ఆస్తులను పరిశీలిస్తుంది. మరోవైపు 1952 నాటి ఉద్యోగుల భవిష్య నిధి చట్టంలోని 10వ సెక్షన్ సభ్యుడి ఖాతాకు జప్తు నుంచి రక్షణ కల్పించింది. అందువల్ల ‘పీఎఫ్‌లో సగం భార్యకు’ అని రాజీ పత్రంలో రాసుకున్నంత మాత్రాన సంస్థ ఆమెకు నేరుగా చెల్లిస్తుందని భావించరాదు. భర్త ఎంత మొత్తం, ఏ తేదీలోగా చెల్లించాలో డిక్రీలోనే స్పష్టంగా ఉండాలి.

లెక్కలో తప్పు

పాస్‌బుక్‌లో ఉద్యోగి వాటా, యజమాని వాటా, పింఛను వాటా వేర్వేరుగా ఉంటాయి. మూడింటినీ కలిపి పంచడం పొరపాటు. పదేళ్ల సర్వీసు నిండితే పింఛను వాటాను ఏకమొత్తంగా తీసుకోవడం కుదరదు. రూ.15,000 వేతన పరిమితిపై 8.33 శాతం చొప్పున ఇది నెలకు రూ.1,250, పదేళ్లకు రూ.1,50,000. చేతికి రాని ఈ మొత్తాన్నీ కలిపి సగం చేస్తే భర్తపై రూ.75,000 అదనపు భారం పడుతుంది. పాత ఉద్యోగపు ఖాతాను లెక్కలో చేర్చకపోతే నష్టం భార్యది.

డిక్రీలో కూడిక తప్పినా, అంకె లేదా పేరు పొరపాటుగా పడినా సివిల్ ప్రొసీజర్ కోడ్ 152వ సెక్షన్ కింద అదే కోర్టు ఎప్పుడైనా సవరించవచ్చు. పంపకం షరతునే మార్చడానికి మాత్రం ఈ సెక్షన్ వర్తించదు. పరస్పర అంగీకారంతో వచ్చిన డిక్రీపై కుటుంబ న్యాయస్థానాల చట్టం (1984) ప్రకారం అప్పీలుకు వీలులేదు. ఖాతాను దాచిపెట్టి మోసగించారని ఆరోపించేవారు డిక్రీ ఇచ్చిన కోర్టునే ఆశ్రయించాలి. ఉత్తర్వు తర్వాత పరిస్థితులు మారితే భరణం మొత్తాన్ని సవరించే అధికారాన్ని 25(2) సెక్షన్ కోర్టుకు ఇచ్చింది. భరణం కేసుల్లో ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పుల వివరాలతో ప్రమాణపత్రం దాఖలు చేయాలని సుప్రీంకోర్టు 2020 నవంబరు 4న ఆదేశించింది. నాటి ప్రమాణపత్రమే దాపరికానికి తొలి సాక్ష్యం కాగలదు.

రికార్డులో తప్పు

విడాకులు మంజూరైనా పీఎఫ్ పోర్టల్‌లో నామినీ పేరు దానంతట అదే మారదు. సభ్యుడు కొత్తగా ఈ-నామినేషన్ దాఖలు చేయాలి. వైవాహిక స్థితి, జీవిత భాగస్వామి పేరు కూడా సవరించుకోవాలి. ఇందుకు కోర్టు ప్రమేయం అవసరం లేదు.

1995 పింఛను పథకం కింద వితంతు పింఛను విడాకులు పొందిన మాజీ భార్యకు వర్తించదు. దానిపై ఆశ పెట్టుకుని తక్కువ భరణానికి ఒప్పుకుంటే తర్వాత దిద్దుకోవడం కష్టం. పిల్లల హక్కు మాత్రం పోదు. సభ్యుడు మరణిస్తే 25 ఏళ్ల వయసు వరకు, ఒకేసారి ఇద్దరికి పింఛను అందుతుంది. అందుకే వారి పేర్లు, పుట్టిన తేదీలు రికార్డులో సరిగా ఉండాలి.

సంతకానికి ముందు

అన్ని ఉద్యోగాల పాస్‌బుక్‌లను ఒకే తేదీ నాటి నిల్వలతో తీసుకోవాలి. రాజీ పత్రం గుజరాతీలో ఉంటే దానిలోని ప్రతి అంకెనూ న్యాయవాదితో చదివించుకున్న తర్వాతే సంతకం చేయాలి. డిక్రీ ధ్రువీకృత ప్రతిని భద్రపరచుకోవాలి. ఏ సవరణకైనా అదే ఆధారం.