మసి, మన్ను, వజ్రపు కత్తి

రబ్బరులో కార్బన్ బ్లాక్, అంటే నూనె లేదా సహజవాయువు అరకొరగా మండగా మిగిలే మెత్తని మసి, కలిపితే అది గట్టిపడుతుందని ఇంగ్లండులోని సిల్వర్‌టౌన్ కర్మాగారంలో 1904 నాటికే గ్రహించినా, ఆ మసి రబ్బరు లోపల ఎలా పరుచుకుంటుందో చాలాకాలం ఎవరూ చూడలేకపోయారు. మామూలు సూక్ష్మదర్శిని సుమారు 200 నానోమీటర్ల కన్న దగ్గరగా ఉన్న రెండు బిందువులను వేరుచేసి చూపలేదు. నానోమీటరు మీటరులో వందకోట్లవ వంతు కాగా, టైర్లలో వాడే మసి రేణువులు కొన్ని పదుల నానోమీటర్లవే.

బెర్లిన్‌లో రస్కా, నోల్ 1931లో రూపొందించిన ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిని సీమెన్స్ సంస్థ 1939లో విపణిలోకి తెచ్చింది. అయితే దానితో పొడిని చూడడం సులువైనంతగా రబ్బరులో కలిసిపోయిన పొడిని చూడడం సులువు కాలేదు, ఎందుకంటే ఎలక్ట్రాన్లు దూసుకుపోవాలంటే నమూనా మందం 100 నానోమీటర్లకు అటూఇటూగా ఉండాలి. ఈ చరిత్రలో కటకాలకు దక్కిన కీర్తి కత్తులకు దక్కలేదు. పగలగొట్టిన గాజుపలక అంచుతో అంత పలుచని పొరలు కోయవచ్చని లాటా, హార్ట్‌మన్ 1950లో చూపగా, ఆ దశాబ్దంలోనే వెనిజులా శాస్త్రవేత్త ఫెర్నాండెజ్-మొరాన్ వజ్రపు కత్తిని ప్రవేశపెట్టాడు. జీవకణాల కోసం పుట్టిన ఈ విద్యను పాలిమర్ శాస్త్రజ్ఞులు అందిపుచ్చుకుని, కత్తికింద సాగిపోయే రబ్బరును ద్రవనత్రజనితో గడ్డకట్టించి కోయసాగారు.

దీని విలువ జపాన్‌లోని టొయోటా పరిశోధనాలయంలో స్పష్టమైంది. అక్కడివారు 1980లలో, పుస్తకంలోని పుటల్లా దొంతరగా ఉండే మాంట్‌మొరిల్లొనైట్ బంకమన్నును ముందుగా సేంద్రియ ఆమ్లంతో ఉబ్బించి, దాని పొరల నడుమనే నైలాన్ ఏర్పడేటట్లు చేశారు. మన్ను అయిదు శాతం లోపే ఉన్నా, బరువు మోపినప్పుడు నైలాన్ వంగే ఉష్ణోగ్రత సుమారు 65 డిగ్రీల సెల్సియస్ నుంచి 140 దాటింది. పొరల ఎడాన్ని కొలిచే ఎక్స్‌కిరణ పరీక్షలో శిఖరం మాయమైతే దొంతర విడిపోయిందని భావించడం ఆనవాయితీ, కాని పొరలు క్రమం తప్పినా ఆ శిఖరం కనబడదు. ఒక్కో నానోమీటరు మందపు పొరలు విడివిడి నల్లగీతలుగా తెల్లమైనది ఎలక్ట్రాన్ చిత్రాల్లోనే.

ఆ చిత్రాలనూ గుడ్డిగా నమ్మరాదు. ఒక్క చిత్రంలో పట్టేది నమూనాలో అత్యల్ప భాగం. అందంగా వచ్చినదాన్నే అచ్చువేసే బలహీనత పరిశోధకులకు లేకపోలేదు. పైగా కోసిన పొరలో ఒకదానిపై ఒకటి వేర్వేరు లోతుల్లో ఉన్న రేణువులు చిత్రంలో ముద్దకట్టినట్లే కనిపిస్తాయి గనుక, నమూనాను కొద్దికొద్దిగా వంచుతూ తీసిన అనేక చిత్రాలనుంచి త్రిమితీయ రూపాన్ని గణించే టోమోగ్రఫీ పద్ధతి తరువాత ఈ రంగంలోకి వచ్చింది.