టర్బో పవర్ పెంచేస్తే సరిపోదు.. ఇంజిన్ బ్లాక్ కూడా తట్టుకోవాలి!

టర్బో బూస్ట్ పెంచితే హార్స్‌పవర్ పెరుగుతుంది. కానీ ఆ ఒత్తిడి ఇంజిన్ బ్లాక్ మీద కూడా పడుతుంది. 2004 మోడల్‌గా అమెరికాకు వచ్చిన సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐనే తీసుకుంటే.. దాని 2.5 లీటర్ల ఇంజిన్ పవర్ 300 హార్స్‌పవర్. అల్యూమినియం బ్లాక్, సెమీ క్లోజ్డ్ డెక్ రకం. అంటే సిలిండర్ల పైఅంచుకు కొన్నిచోట్ల మాత్రమే ఆధారం, మిగతాది కూలెంట్ తిరిగే ఖాళీ. పవర్ బాగా పెంచితే సిలిండర్ గోడలు కదిలి హెడ్ గ్యాస్కెట్ పోవచ్చు, గోడలే పగలొచ్చు.

అందుకే ట్యూనర్లు ఏం చేస్తారంటే.. ఆ ఖాళీని మెటల్‌తో మూసి క్లోజ్డ్ డెక్‌గా మారుస్తారు. ఇంకా పవర్ కావాలంటే గట్టి ఐరన్ స్లీవ్‌లు వేస్తారు. హెడ్‌కు బలమైన స్టడ్‌లు బిగిస్తారు. అయితే కూలెంట్‌కు రంధ్రాలు వదలకపోతే ఇంజిన్ వేడెక్కి మొదటికే మోసం!