మేస్త్రీ బాకీ, ప్రవాస పత్రము

కృష్ణా తుంగభద్రలు చేరువనే పారుచున్నను గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల మెట్టచేలకు నీరందని రోజులు చిరకాలము సాగినవి. వానలు తప్పిన యేట కూలి కుటుంబములు మేస్త్రీ వద్ద అడ్వాన్సు పుచ్చుకొని, ఆ బాకీ తీరువరకు పరాయి ఊళ్ళలో మట్టి మోసెడివి. 'పాలమూరు లేబరు' అను పేరు అట్లు పుట్టినదే. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరమున వీరి చెమట కలదు.

ఈ మేస్త్రీని సముద్రతీరపు తెలుగువారును ఎరుగుదురు. గోదావరి, విశాఖ మండలముల కూలీలకు అప్పిచ్చి రంగూను ఓడ యెక్కించినవాడు అతడే. బర్మా అప్పుడు భారత సామ్రాజ్యములోని భాగమగుటచే ప్రవేశపత్రము అక్కరలేకుండెను. 1930 మే నెలలో, రేవు సమ్మె వెనువెంటనే, తెలుగు కూలీలపై దాడులు జరిగెను. 1937లో బర్మా వేరుపడెను. 1941 నాటి వలస ఒడంబడిక అనుమతి పత్రమును విధించెను. అది స్థిరపడకమునుపే యుద్ధము రంగూనును చుట్టుముట్టెను.

స్వతంత్ర భారతము 1983లో చేసిన వలస చట్టము ప్రకారము, పదవ తరగతి ఉత్తీర్ణుడు కానివాడు గల్ఫు మున్నగు కొన్ని దేశములకు పనికి పోవలెనన్న, వలసదారుల రక్షణాధికారి అనుమతి పొందవలెను. యజమాని యెవరు, జీతమెంత అని ముందే విచారించుట దీని ఉద్దేశము. అయితే కాగితము చదువలేనివానికే ఈ మెట్టు ఏర్పడినది. అతడు దళారిని ఆశ్రయించును. రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలకు, దానిపై పన్నునకు మించి రుసుము పుచ్చుకొనరాదని 2017 నాటి నిబంధన. ఊరి దళారి దానిని లెక్కింపడు. త్వరగా పంపెదనని విజిట్ వీసా ఇప్పించును. దానితో అధికారి విచారణయు తప్పును, పని చేయు హక్కును ఉండదు. సక్రమముగా పోయినవానికిని కఫాలా పద్ధతిలో అనుమతి యజమాని పేరిట ముడిపడియుండెను. ఖతారు 2020లో ఆ ముడిని సడలించి, యజమాని సమ్మతి లేకయే పని మారుటకు వీలు కల్పించినది.

రంగూను నాడును, గల్ఫు నాడును మాకు కనబడునది ఒక్కటే: అనుమతికంటె ముందు అప్పు పుట్టుచున్నది. అప్పు మెడపై నున్నవాడు తప్పుడు ఒప్పందమును కాదనలేడు. కావున శ్రోతల యిండ్లలో ఎవరైన విదేశ ప్రయాణమునకు సిద్ధమగుచున్నచో, పైకము చేతులు మారకముందే ఏజెంటు రిజిస్ట్రేషను పత్రమును చూడుడు. ఒప్పందమును చదువనేర్చినవారిచే తెలుగున చదివించుకొనుడు. పొలము తాకట్టు పెట్టు మాట ఆ తరువాతనే.