రాఫియా నారసంచి – పూర్వవృత్తాంతము



ఎరువులు, ధాన్యము నింపెడి తెల్లని ప్లాస్టిక్ సంచి నెఱుఁగని గ్రామము నేడు లేదు. ఆ సంచి నేయుటకు కావలసిన ముడిసరుకును వర్తకులు ‘రాఫియా’ యందురు. నిజమునకు రాఫియా యనునది ప్లాస్టిక్ కాదు, ఒక చెట్టు. దాని నారతో చేత నల్లిన సంచి యొకప్పుడు దొరల భుజముల నలంకరించెను. ఆ కథ వినుఁడు.

రాఫియా యనునది మడగాస్కరు ద్వీపవాసుల మాట. ఈ చెట్టు అచ్చటను, ఆఫ్రికా ఖండపు ఉష్ణప్రదేశములందును పెరుగును. మన తాటికి, ఈతకు జ్ఞాతియే. దీని జాతులలో కొన్నిటి మట్ట 60 అడుగులకు మించును. వృక్షలోకమున నింత పొడవైన యాకులు వేఱొకటికి లేవు. లేతయాకు విచ్చుకొనకముందే కోసి, పొర నొలిచి, యెండబెట్టినచో నదియే నార. ప్రత్తివలె వడకఁబనిలేదు. తడిపిన మెత్తనై సూదికి లొంగును. సంచి యల్లువారు అడుగున చిన్నచుట్ట వేసి, కొక్కెపుసూదితో వరుసమీద వరుసగా పెంచి, తుదకు పిడులు కుట్టుదురు. పోగు ముగిసినచోట క్రొత్తపోగు ముడివేయుదురు.

పూర్వము కాంగో రాజ్యమున ఈ నారతో టోపీలు, భుజపుసంచులు, వస్త్రములు చేయుచుండిరి. 16వ శతాబ్ది ప్రారంభమున దువార్తె పషేకు పెరైరా యను పోర్చుగీసు నావికుఁడు, మఖమలువంటి యీ వస్త్రములను మించినవి ఇటలీలో సైతము లేవని వ్రాసెను. నార యాకుపొడవును మించదు గనుక వస్త్రములు చిన్నచిన్న చదరములు. లెక్కించుటకును, మోయుటకును అనువై, అవి నాణెములుగా చెల్లినవి. అంగోలాలోని లువాండా నగరమున పోర్చుగీసువారు తమ సిపాయిల జీతములు సైత మీ గుడ్డలతోనే చెల్లించిరి. 1694లో రాగినాణెములు రాఁగా, ఆ మర్యాద యంతరించెను.

అంతటితో నేఁత యంతరించెనా? లేదు. కాంగో నదికి ఉపనదియైన కసాయి పరిసరముల కూబా యను జాతివారున్నారు. వారిలో పురుషులు మగ్గముమీద నేయుదురు. స్త్రీలు దానిపై రాఫియా నారకుచ్చులు కుట్టి మఖమలువలె తీర్చుదురు. మృతునకు రాఫియా వస్త్రము కట్టనిచో పితృలోకమున పూర్వులు గుర్తింపరని వారి విశ్వాసము. అందుచే ఇంటింట ఆ వస్త్రములను ముందుగనే కూర్చుకొందురు. విపణిలో విలువ మాఱినను, ఆచారమున చోటున్నందున ఆ విద్య నిలిచినది.

నేడు అంగళ్లలో రాఫియా పేర నమ్మెడి దారములలో కాగితముతోను, ప్లాస్టిక్కుతోను చేసినవి కూడ పెక్కు గలవు. పేరు మిగిలినది, చెట్టు మఱుగుపడినది. నిజమైన నారసంచి శిథిలమైన మట్టిలో కలియును; ప్లాస్టిక్ సంచి మన పొలములలో పేలికలై యేండ్లతరబడి యుండును.

పెద్దలారా! మేనమామ పెండ్లికూఁతును గంపలో నెత్తుకొని వచ్చు నాచారము మన కుటుంబములం దనేకములకు గలదు. ఆ గంప నల్లిన మేదరికి తగిన వెల యిచ్చి, ఆ యాచారము విడువక నడపుఁడు. గంపకు పెండ్లిలో చోటున్నంతకాలము, అల్లు చేతులకు పని యుండును.