పిల్లల అంతర్జాతీయ అపహరణ, మానవ హక్కుల చట్టం

తల్లిదండ్రుల్లో ఒకరు, రెండోవారి సమ్మతి లేకుండా గానీ కోర్టు ఉత్తర్వును కాదని గానీ, బిడ్డను పెరుగుతున్న దేశం దాటించడాన్ని, లేదా దాటించాక తిరిగి పంపకపోవడాన్ని అంతర్జాతీయ న్యాయ పరిభాషలో పిల్లల అపహరణ అంటారు. ఆ మాట వినగానే డబ్బు కోసం పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు గుర్తొస్తాయి. ఇక్కడ తీసుకెళ్లేది అమ్మో నాన్నో. చాలాసార్లు అది రానూపోనూ టికెట్టుతో, సెలవులకు అమ్మమ్మగారింటికి అంటూనే మొదలవుతుంది. ఒప్పుకున్న తేదీ దాటినా బిడ్డ తిరిగి వెళ్లకపోతే అది అక్రమంగా నిలిపి ఉంచడం కిందికి వస్తుంది.

దీనికి ప్రధాన చట్టం 1980 అక్టోబరు 25 నాటి హేగ్ ఒప్పందం. 1983 డిసెంబరు 1న అమల్లోకి వచ్చింది. ఇప్పుడు నూటికి పైగా దేశాలు అందులో ఉన్నాయి. 16 ఏళ్లు నిండని పిల్లలకే ఇది వర్తిస్తుంది. బిడ్డ ఎవరి దగ్గర పెరగాలో ఈ ఒప్పందం తేల్చదు. ఆ సంగతి ఏ దేశపు కోర్టు తేల్చాలన్నదే దాని పట్టింపు. బిడ్డను మామూలుగా నివసించే దేశానికి త్వరగా పంపేయాలి, పంచాయితీ అక్కడ జరగాలి. ఆరు వారాల్లో నిర్ణయం రాకపోతే ఆలస్యానికి కారణం అడగవచ్చు. ఏడాది దాటాక దరఖాస్తు పెట్టినప్పుడు బిడ్డ కొత్తచోట కుదురుకుందని రుజువైతే పంపనక్కర్లేదు. తిరిగి పంపితే శారీరకంగా, మానసికంగా తీవ్రమైన ముప్పు ఉందన్నప్పుడూ, ఊహ తెలిసిన బిడ్డే వెళ్లనన్నప్పుడూ కోర్టు నిరాకరించవచ్చు.

ఒప్పందం రాసినవారి మనసులో ఉన్నది ప్రధానంగా కస్టడీ దక్కని తండ్రి. లెక్కలు తీస్తే బిడ్డను తీసుకెళ్లేవారిలో నూటికి 70 నుంచి 75 మంది తల్లులే, అందులోనూ ఎక్కువమంది రోజూ ఆ బిడ్డను సాకేవారే. గృహహింస అన్న మాట ఒప్పందంలో ఎక్కడా లేదు. నేటి చిక్కుల్లో సగానికి మూలం ఈ లోటే అనిపిస్తుంది.

మానవ హక్కుల ప్రాథమిక సూత్రాలు ఒప్పుకోకపోతే బిడ్డను పంపనక్కర్లేదని హేగ్ ఒప్పందపు 20వ అధికరణం అంటుంది గానీ, కోర్టులు దాన్ని వాడింది అరుదు. అసలు వాదం స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానంలో, కుటుంబ జీవన హక్కును చెప్పే ఐరోపా మానవ హక్కుల ఒప్పందపు 8వ అధికరణం కింద నడిచింది. రెండేళ్ల వయసులో ఇజ్రాయెల్ నుంచి స్విట్జర్లాండ్‌కు వచ్చిన బాలుణ్ణి ఏడేళ్లు వచ్చాక వెనక్కి పంపడం ఆ హక్కుకు భంగమని 2010లో తీర్పు వచ్చింది. ప్రతి కేసులోనూ ఇంత లోతుగా విచారిస్తే త్వరగా పంపడమన్నదే ఉండదని విమర్శలు వచ్చాయి. 2013లో, తల్లి ఆస్ట్రేలియా నుంచి లాత్వియాకు తీసుకెళ్లిన ఒక పాప విషయంలో, 'ఎక్స్ వర్సెస్ లాత్వియా' కేసులో అదే న్యాయస్థానం మధ్యేమార్గం పట్టింది: పూర్తి విచారణ అక్కర్లేదు, కానీ ముప్పు ఉందన్న వాదనలో పస కనిపిస్తే దాన్ని నిజంగా పరిశీలించి, కారణాలు రాయాలి. తల్లి చూపిన మనస్తత్వ నిపుణుడి పత్రాన్ని లాత్వియా కోర్టు పక్కనపెట్టడమే అక్కడ తప్పయింది. తీర్పు 9–8తో తేలింది. అప్పటికే ఆ పాప ఆస్ట్రేలియాలో ఉంది. ఒక షాపింగ్ సెంటర్ దగ్గర అనుకోకుండా ఎదురైన తండ్రి ఆమెను కారెక్కించుకుని తీసుకెళ్లిపోయాడు.

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక బిడ్డ మేలుకు పెద్దపీట వేస్తుంది, బిడ్డ మాట వినమంటుంది, అక్రమంగా దేశం దాటించడాన్ని అడ్డుకోమనీ అంటుంది. ఒకే పత్రంలోని ఈ మూడూ ఒక్కోసారి ఒకదానికొకటి అడ్డం వస్తాయి. ఆటిజం ఉన్న పిల్లవాణ్ణి స్పెయిన్‌కు పంపమన్న చిలీ తీర్పును 2022లో బాలల హక్కుల కమిటీ తప్పుపట్టింది. అతని మేలును సరిగా తూచలేదన్నది కారణం.

భారత్ 1992లో ఈ ఒడంబడికలో చేరింది గానీ హేగ్ ఒప్పందంలో చేరలేదు. చేరమని 2009లో లా కమిషన్ సిఫార్సు చేసింది. హింస భరించలేక పుట్టింటికి వచ్చిన మహిళల గతేమిటన్న అభ్యంతరం ఇంకా బలంగానే ఉంది. దాంతో ఇలాంటి తగవులు ఇక్కడ చాలావరకు హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే) పిటిషన్లుగా హైకోర్టులకు చేరుతుంటాయి. విదేశీ కోర్టు ఉత్తర్వు చూడాల్సిన అంశాల్లో ఒకటి మాత్రమే, బిడ్డ సంక్షేమమే ముఖ్యమని 2017లో సుప్రీంకోర్టు అంది. అలాగని పిల్లలెప్పుడూ ఇక్కడే ఉండిపోతారనుకోవడానికి లేదు. 2019లో అమెరికాలో స్థిరపడిన ఒక తెలుగు జంట కేసు ఆ కోర్టుకు వెళ్లింది. పిల్లలు అక్కడే పుట్టారు. తల్లి వాళ్లను హైదరాబాద్ తెచ్చి ఫ్యామిలీ కోర్టులో కస్టడీ కోరింది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం మైనరు మామూలుగా నివసించే చోటి కోర్టుకే అధికారం ఉంటుంది. ఆ పిల్లల విషయంలో అది హైదరాబాద్ కాదని తేలింది.