చాట్‌బాట్ మాటకు పూచీ ఎవరిది?

పెద్దవారు పోయారన్న కబురు వస్తే, దూరాన ఉన్నవారు ఆ దుఃఖంలోనే టికెట్ వెతుక్కోవాలి. 2022 నవంబరులో కెనడాలో ఒక ప్రయాణికుడు అలాగే ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్‌ను అడిగాడు. ముందు టికెట్ కొని, 90 రోజుల్లోగా దరఖాస్తు చేసినా ఆప్తుల మరణ సందర్భంలో ఇచ్చే రాయితీ వస్తుందని అది చెప్పింది. తీరా అడిగితే, ప్రయాణం పూర్తయ్యాక ఆ రాయితీ ఇవ్వబోమని సంస్థ తేల్చింది.

వివాదం బ్రిటిష్ కొలంబియా సివిల్ రిజల్యూషన్ ట్రైబ్యునల్‌కు చేరింది. చాట్‌బాట్ ఇచ్చిన సమాచారానికి తాము బాధ్యులం కామని సంస్థ వాదించింది. వెబ్‌సైట్‌లో ఉన్నదేదైనా, పేజీలో రాసినా చాట్‌బాట్ చెప్పినా, బాధ్యత సంస్థదేనని 2024 ఫిబ్రవరిలో ట్రైబ్యునల్ తీర్పు ఇచ్చింది. 650.88 డాలర్ల పరిహారం, వడ్డీ, ఫీజులు కలిపి 812.02 డాలర్లు చెల్లించమంది. ప్రయాణికుడి చేతిలో ఉన్న ముఖ్యమైన ఆధారం అతను దాచుకున్న స్క్రీన్‌షాట్.

అదే నెలలో ఆ ప్రావిన్స్ సుప్రీంకోర్టు, చాట్‌జీపీటీ కల్పించిన రెండు తీర్పులను నిజమైనవిగా ఉదహరించిన న్యాయవాదిని అదనపు ఖర్చులు స్వయంగా భరించాలని ఆదేశించింది.

అంటే, పొరపాటు యంత్రానిదైనా జవాబుదారీ దాన్ని వాడినవారిదే. టికెట్, వీసా, బీమా విషయాల్లో చాట్‌బాట్ ఏం చెప్పినా తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. డబ్బు కట్టేముందు సంస్థ నిబంధనల పేజీ చదవండి. రెండింటికీ పొంతన లేకపోతే, మెయిల్‌లో రాతపూర్వకంగా జవాబు అడగండి.