మంచు మీది అంచు

మే మాసంలో ఎండ 45 డిగ్రీలు దాటే జగిత్యాల, కోరుట్ల సీమలో మంచు స్కేట్ల చరిత్రతో ఎవరికి పని అని మిత్రులు అడగవచ్చు. మా చెరువులు ఎండడమే తప్ప గడ్డకట్టడం ఎరుగవు. కాని ఈ పనిముట్టు కథలో ఒక మలుపు ఉంది. సిరిసిల్ల మగ్గాన్ని చూసినవారికి అది ఇట్టే బోధపడుతుంది.

మగ్గం మీద నాడె ఎంత నున్నగా ఉన్నా తనంతట తాను కదలదు. చేయి విసిరితేనో, తాడు లాగితేనో పడుగు దాటుతుంది. తొలి స్కేట్లూ అటువంటివే. ఉత్తర ఐరోపాలో గుర్రాల, పశువుల కాలి ఎముకలను ఒకవైపు చదును చేసి పాదాలకు కట్టుకునేవారు. ఎముక జారుతుందే కాని మంచును పట్టుకోదు. అందుకే కాళ్లు ఎత్తకుండా, ఇనుప మొన ఉన్న కర్రతో మంచును పొడుస్తూ సాగేవారు. లండన్ యువకులు ఇలా జారడాన్ని 12వ శతాబ్ది చివరిభాగంలో విలియం ఫిట్జ్‌స్టీఫెన్ వర్ణించాడు. ఆయనకది వినోదం. కాని సరస్సులు నిండిన ఫిన్లాండ్‌లో ఈ ఎముకలు చలికాలపు ప్రయాణ శ్రమను 10 శాతం దాకా తగ్గించి ఉంటాయని ఫొర్మెంటి, మినెట్టి అనే పరిశోధకులు లెక్కగట్టారు. ఆటకంటే ముందు అవసరమే పుట్టిందనడం నాకు సమంజసంగా తోస్తుంది.

అసలు మలుపు 13, 14 శతాబ్దాలలో డచ్చివారి చేతుల్లో వచ్చింది. చెక్క అడుగున ఇనుప పట్టీ బిగించారు. ఇనుము కన్నా దాని అంచు ముఖ్యం. పాదాన్ని కాస్త పక్కకు తిప్పి తొక్కితే అంచు మంచులో దిగి ఆనుకుంటుంది; ఆ ఆనికతో దేహం ముందుకు సాగుతుంది. ఇక కర్రతో పని లేదు. నాడెకు తనను తాను విసురుకునే శక్తి వచ్చినట్లయింది! స్కీడామ్ పట్టణపు లిడ్వినా మంచు మీద పడి పక్కటెముక విరగ్గొట్టుకున్న దృశ్యం 1498 నాటి ఒక చెక్కముద్ర చిత్రంలో ఉంది. వెనుక ఒకడు ఒంటికాలిపై, చేతిలో కర్ర లేకుండా జారుతూ కనిపిస్తాడు.

తరువాత ఉక్కు వచ్చింది, పట్టీ బూటుకే అతుక్కుంది. అవి మెరుగులే.

మంచు లేనిచోట ఈ అంచును తెచ్చుకోవడమెలా? 1760లలో లండన్‌లో జాన్ జోసెఫ్ మెర్లిన్ చక్రాలు తొడుక్కుని, వయొలిన్ వాయిస్తూ విందులోకి దూసుకొచ్చి నిలువుటద్దాన్ని ఢీకొన్నాడని ఒక కథ. చక్రాలున్నా మలుపు తిరిగే ఉపాయం లేదు పాపం. 1863లో అమెరికాలో జేమ్స్ ప్లింప్టన్ ఒరిగితే తిరిగే నాలుగు చక్రాల స్కేటు చేశాడు. అంచు చేసే పనిని ఒరుగుదలకు అప్పగించాడన్నమాట.

స్కేటు మన దాకా వచ్చింది ఈ చక్రాల మీదనే. హైదరాబాదీ అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు సాధించి, 2015లో అర్జున పురస్కారం అందుకున్నాడు. పదేళ్లకు, 2025 జనవరిలో, లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో తెలంగాణకు చెందిన తాళ్లూరి నయనశ్రీ స్వర్ణం గెలిచింది. ఈసారి చక్రాల మీద కాదు, ఉక్కు అంచు మీద.